నీళ్ళు లేని దీవి

ఎక్స్‌కర్షన్ అనే మాట చెవిన పడితే చాలు, మన కాలేజీలో క్లాసుకు క్లాసే మైసూరు వైపు మొహం తిప్పుతుంది. చాముండి కొండ, బృందావనం తోట, కావేరి పాయల నడుమ శ్రీరంగపట్నం, దానికి దగ్గర్లోనే రంగనతిట్టు. అనంతపురం కుర్రవాడు దీవి అనేదాన్ని మొట్టమొదట కళ్ళారా చూసేది సాధారణంగా అక్కడే. పడవెక్కుతాడు, బండమీద నోరు తెరుచుకుని పడుకున్న మొసలిని చూసి కేక పెడతాడు, నాలుగు ఫోటోలు దిగి, ఇంటికొచ్చి నెలరోజులు ఆ కబుర్లే చెబుతాడు. చేతిలో కాస్త డబ్బాడేవాళ్ళయితే అండమాన్ దాకా పోయివస్తారు. ఇందులో తప్పేమీ లేదు. వానకోసం ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసిన సీమలో పుట్టినవాడికి, నాలుగు వైపులా నీళ్ళున్న నేలమీద ఒక్కసారి నిలబడాలనిపించడం చాలా సహజం.

అయితే మిత్రులారా, ఈ నాలుగు పేజీల్లో నేను వాదించదలచుకున్నది ఒక్కటే. మనకూ ఒక దీవి వుంది. దాని చుట్టూ నీళ్ళు లేవు, అంతే తేడా. దాన్ని చూడవలసిన కాలం ఎండాకాలం చివర. దాన్ని కాపాడవలసిన బాధ్యతలో కొంత భాగం మనది. ఇంతవరకు ఆ భాగం మనం చేయలేదు.

ఆ దీవి పేరు వీరాపురం. చిలమత్తూరు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని వున్న పల్లె. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గానీ, కరువు మాత్రం జిల్లా పేరు మారిందని సరిహద్దు దగ్గర ఆగలేదు కాబట్టి, మన ఊరనే అంటాను. లేపాక్షి అక్కడికి దూరం కాదు. రావణుడితో పోరాడి పడిపోయిన జటాయువును రాముడు "లే పక్షీ" అన్నాడని, అందుకే ఆ ఊరికి ఆ పేరొచ్చిందని చిన్నప్పటినుంచీ వింటున్నాం. కథ సంగతి ఎలా వున్నా, పక్షి పేరు పెట్టుకున్న ఊరికి పొరుగునే నిజమైన పక్షులు ఏటేటా వచ్చి, ఇళ్ళమధ్య చింతచెట్లమీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని పోతున్నాయి. లేపాక్షి బసవన్నను చూడటానికి బస్సులు కట్టుకుని పోయేవాళ్ళలో నూటికి ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

వచ్చేది పెయింటెడ్ స్టార్క్. తెలుగులో ఎర్రకాళ్ళ కొంగ అంటారు. తెల్లటి ఒళ్ళు, రెక్కలమీద నల్లచారలు, తోకవైపు గులాబిరంగు ఈకలు, పసుపుపచ్చ ముక్కు, నారింజరంగు మొహం. బ్రహ్మ తీరిగ్గా కూర్చుని రంగులు వేశాడా అనిపిస్తుంది. చలికాలంలో, సుమారు డిసెంబరు జనవరి నెలల్లో, వచ్చి చేరతాయి. పుల్లా పుడకా ఏరుకొచ్చి గూళ్ళు కడతాయి. రెండు మొదలు ఐదుదాకా గుడ్లు, నెలరోజుల పొదుగుడు, తర్వాత రెండు నెలలకు పైగా పిల్లల పెంపకం. వానలు పట్టి, జులై ఆగస్టు వచ్చేసరికి పిల్లాపాపలతో ఊరు ఖాళీ చేస్తాయి.

ఇక దీవి అని ఎందుకంటున్నానో చెప్పాలి. గుంపుగా గూళ్ళు కట్టే నీటిపక్షులు ఊరికే స్థలం ఎంచుకోవు. నక్క, అడవిపిల్లి, మనిషి సులభంగా చేరలేని చోటు కావాలి. అందుకే రంగనతిట్టులో అవి కావేరి మధ్యనున్న చిన్నచిన్న తిట్టల్ని పట్టుకున్నాయి. అక్కడి ప్రాముఖ్యం గుర్తించి సలీం అలీ గారు చెప్పగా, మైసూరు సంస్థానం 1940లోనే దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 2022లో రామ్సర్ గుర్తింపు కూడా వచ్చింది. అక్కడ నది కాపలా. చుట్టూ పారే నీళ్ళే కోట గోడ.

మరి వీరాపురంలో? నది లేదు, కందకం లేదు. చెట్టుకింద ఎద్దులబండి, పక్కన గడ్డివామి, అరుగుమీద ముసలాయన, ఆడుకునే పిల్లోళ్ళు. అయినా తల్లిపక్షి అక్కడే గుడ్లు పెడుతుంది. అంటే నది చేసే పని ఇక్కడ మనుషులు చేస్తున్నారన్న మాట. చెట్టు కొట్టరు, రాయి విసరరు, విసరబోయే బయటివాణ్ణి వూరుకోరు. జీతం భత్యం లేని కాపలా ఇది. నేను దీవి అన్నది ఇందుకే. నీటి గోడ లేనిచోట మాట గోడ కట్టుకున్న ఊరు అది.

హాస్టల్లో ఈ మాట ఎత్తితే "ఆడేముందిరా సూసేకి? కొంగలేగా!" అనేవాడు ఒకడైనా వుంటాడు. అతనికి నా జవాబు ఏమిటంటే, రోహిణి కార్తెలో పొయ్యి చూడు. రోళ్ళు పగిలే ఎండ అంటామే, ఆ ఎండలో గూడుమీద తల్లి రెక్కలు విప్పి గొడుగులా నిలబడుతుంది. నీడ పిల్లలకు, ఎండ తనకు. సూర్యుడు జరిగేకొద్దీ తానూ జరుగుతుంది. పెద్దపక్షికి గొంతు దాదాపు లేనట్టే. ముక్కు రెండు పెదవులూ టపటపా కొట్టుకోవడమే దాని మాట. అరిచేదంతా పిల్లలు. ఆకలికి అవి చేసే గోల ఊరంతా వినిపిస్తుంది. మే నెలాఖరుకు పెద్ద పిల్లలు గూడు అంచున నిలబడి రెక్కలు ఆడిస్తూ, ఎగరాలా వద్దా అని సందేహిస్తుంటాయి. డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన మనవాళ్ళ స్థితి కూడా అప్పుడు సరిగ్గా అదే కదా! వాటికింకా రంగులు రావు. మట్టిరంగు ఈకలతో వుంటాయి. తల్లిదండ్రుల రంగు రావడానికి సంవత్సరాలు పడుతుంది.

ఇందులో మన పీఠభూమి లెక్క ఒకటుంది. అది జువాలజీ విద్యార్థులే కాదు, అందరూ తెలుసుకోవలసింది. ఈ కొంగ కంటితో వెతికి వేటాడదు. లోతు తక్కువ నీళ్ళలో నిలబడి, ముక్కు సగం తెరిచి నీటిలో అటూ ఇటూ ఆడిస్తుంది. కాలితో అడుగున కెలుకుతుంది. చేప తగిలిందా, ముక్కు ఠక్కున మూసుకుంటుంది. నిండు చెరువు దానికి పనికిరాదు. లోతెక్కువ, చేపలు చెదిరి వుంటాయి. చెరువు ఎండుతూ, కుంచించుకుపోతూ, మోకాలిలోతు మడుగుగా మిగిలినప్పుడు చేపలన్నీ ఒకచోట చేరతాయి. దానికి పండగ అప్పుడే. అంటే మనకు కంటనీరు తెప్పించే ఎండాకాలమే దాని పిల్లలకు పాలుపోసే కాలం. కానీ మడుగు మిగలాలంటే ముందు వర్షాకాలంలో చెరువు నిండి వుండాలి. నిండని చెరువు మార్చికే నెర్రెలు విడిస్తే, పిల్లలు గూట్లో మాడిపోవలసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలమీద పక్షి గూడు కట్టడమంటే, రైతు వేరుశనక్కాయ విత్తడం లాంటిదే. రెండూ ఒకే జూదం.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని తొలగించాలి. ఎవరిని అడిగినా "సైబీరియా నుంచి వస్తాయంట సార్" అంటారు. పత్రికల్లోనూ అదే రాస్తుంటారు. ఇది నిజం కాదు. ఎర్రకాళ్ళ కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పక్షి. అది సైబీరియా మొహం చూడలేదు. చెరువునుంచి చెరువుకు, రాష్ట్రంనుంచి రాష్ట్రానికి తిరుగుతుందే గానీ దేశాలు దాటి మంచుకొండలమీదుగా రాదు. సైబీరియా నుంచి నిజంగా మన దేశానికి వచ్చిన సైబీరియన్ క్రేన్ అనే తెల్లకొంగ వేరు. అది రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. ఇంత పట్టింపు ఎందుకంటారేమో. పరాయిదేశపు అతిథి అంటే వచ్చినన్నాళ్ళు చూసి మురిసి, రాకపోతే "అక్కడేం జరిగిందో" అని చేతులు దులుపుకోవచ్చు. మన ఇంటి పక్షి అయితే, రాకపోవడానికి కారణం మన చెరువులో, మన చెట్టులో వెతకాలి.

మన పల్లెలవాళ్ళు ఈ సంగతి సైన్సు చదవకుండానే సరిగ్గా పట్టుకున్నారు. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో చిల్లముక్కు కొంగల్ని, కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలుగా భావిస్తారు. మన వీరాపురం మనసూ అదే. ఈ పోలిక నాకెందుకో చాలా గొప్పగా తోస్తుంది. దేవతా అనలేదు, శకునం అనలేదు, అతిథి అని కూడా అనలేదు. ఆడబిడ్డ అన్నారు. ఆడబిడ్డ పురిటికొస్తే ఇంట్లో ఎలా వుంటాం? గొంతు తగ్గించి మాట్లాడతాం. బాలింత నిద్రపోతూంటే గిన్నె చప్పుడు కానివ్వం. పోయేటప్పుడు ఒట్టిచేతులతో పంపం. (పక్షిని ఆడబిడ్డ అన్న ఈ సీమలోనే ఇంటర్ చదివే ఆడబిడ్డకు వేసవిలో పుస్తకాలు మూయించి తాళి కట్టించే ఇళ్ళు ఇంకా వున్నాయి. ఆ సంగతి కూడా ఈ సందర్భంలోనే గుర్తుచేసుకుంటే మంచిది.)

ఎండాకాలం చివర మనుషులకూ పుట్టింటి కాలమే. అనంతపురం జిల్లా అంటేనే వలసల జిల్లా అని పేరు పడింది. పంట పోయినవాళ్ళు బెంగళూరు కట్టడాల దగ్గరికి, ఇంకా ఎక్కడెక్కడికో పోతారు. మనుషులు బతకలేక వెళ్ళిపోయే నేలకు పక్షులు బిడ్డల్ని కనడానికి రావడం విచిత్రం కాదా! పోయినవాళ్ళు తిరిగి ఊరు చేరేది పెళ్ళికో, పురుటికో, బారసాలకో, ఊరి దేవరకో. వైశాఖ జ్యేష్ఠాల ముహూర్తాలు, దాని వెంటనే ఏరువాక పున్నమి. మేనమామలు, పిన్నమ్మలు, వాళ్ళ పిల్లలు, ఇల్లంతా జనం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏం చేయాలో తోచక పేకాటో, సెల్‌ఫోనో. నా సలహా ఒక్కటే. పెళ్ళికొచ్చిన ఆ పిల్లల గుంపును ఒకరోజు తెల్లవారుజామునే బయల్దేరదీసి వీరాపురం తీసుకుపోండి. తాతనూ వెంటబెట్టుకోండి. పిల్లలు పక్షిని చూస్తారు. తాత చెరువును చూసి, ఒకప్పుడు అందులో ఎంత నీళ్ళుండేదో చెబుతాడు. ఈ రెండూ కలిస్తేనే చదువు.

కానీ వేడుకలో ప్రమాదం కూడా వుంది. ఈకాలం పెళ్ళంటే డీజే, టపాకాయలు, ఆకాశంలో డ్రోన్ కెమెరా. గూటి అంచున నిలబడ్డ పిల్ల బెదిరి కిందపడితే దాని పని అయిపోయినట్టే. నేలమీద పడ్డ పిల్లకు తల్లి దిగివచ్చి మేత పెట్టదు. తమిళనాడు శివగంగ జిల్లాలో వేట్టంగుడి పక్షుల చెరువు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పక్షుల కోసం ఏళ్ళతరబడి దీపావళికి టపాకాయలు మానుకున్నారు. పండగంటే చప్పుడొక్కటే కాదని వాళ్ళు చూపించారు. ఆ పల్లెటూరివాళ్ళు మానుకోగలిగింది, డిగ్రీలు చదివే మనం ఒక్క పెళ్ళి ఊరేగింపులో మానుకోలేమా?

ఇక ఎదురువాదానికి వస్తాను. "మనుషులకే తాగను నీళ్ళు లేవు, కొంగల గొడవ ఎందుకయ్యా?" అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఊరినిండా గూళ్ళంటే చూడవచ్చిన మనకు ముచ్చట. అక్కడుండేవాళ్ళకు రెట్టల కంపు, జారిపడ్డ చేపల వాసన, రాత్రింబగళ్ళు గోల. చింతకాయ దులిపితే గూళ్ళు రాలుతాయి కాబట్టి చెట్టుమీద ఆదాయం వదులుకోవాలి. ఉరవకొండ, గుంతకల్లు వైపు నల్లరేగళ్ళలో కృష్ణజింకల మందలు మొలకెత్తిన పైరు మేసిపోతూంటే అక్కడి రైతు ఏడుపు నిజమైన ఏడుపు. పట్నంలో కూర్చుని అతనికి జీవకారుణ్యం బోధించడం సిగ్గుచేటు. కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను. జీవుల్ని కాపాడటం అందరి ధర్మమైతే, ఆ ఖర్చు ఒక్క పల్లెటూరివాడి నెత్తిన వేయడం అధర్మం. కొక్కరె బెళ్ళూరులో గూళ్ళున్న చెట్ల యజమానులకు కర్ణాటక అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది. 2007లో ఆ ఊరిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించారు. మన దగ్గరా గూడున్న ప్రతి చింతచెట్టుకూ ఏటా ఠంచనుగా అద్దె చెల్లించాలి. అది దానం కాదు, బాకీ.

రెండో జవాబు నీళ్ళ సంగతి. కొంగకు కావలసిన చెరువూ రైతుకు కావలసిన చెరువూ వేరువేరు కావు. చెరువులో నీళ్ళు నిలిస్తే బావిలో ఊట పెరుగుతుంది, బోరు బతుకుతుంది, ఆ మిగిలిన మడుగులో కొంగ పిల్లలకు మేత దొరుకుతుంది. ఈ సీమలో చెరువు కట్టడం ఎంత పెద్ద విద్యో మన పూర్వులకు తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్టమీద 1369 నాటి శాసనం మంచి చెరువుకు ఏమేమి వుండాలో, ఏమేమి వుండకూడదో వరుసగా చెబుతుంది. బుక్కపట్నం, ధర్మవరం, శింగనమల చెరువులు ఆ పాతకాలపు తెలివికి గుర్తులు. వాటి వాగుల్ని పూడ్చి, కాలువల్ని దున్ని, చెరువుగర్భంలో ప్లాట్లు వేసినవాళ్ళం మనం. హంద్రీ-నీవా ద్వారా కృష్ణ నీళ్ళు జిల్లాలోకి వచ్చాయి, సంతోషం. ఆ నీళ్ళు పెద్ద రిజర్వాయర్లతో ఆగకుండా చిన్న ఊరి చెరువులదాకా చేరాలని అడిగేటప్పుడు, ఎకరాల లెక్కతో బాటు గూళ్ళ లెక్క కూడా చూపించాలి. అడిగే నోరు పక్షికి లేదు. మనకు వుంది.

నీరుంటే చాలదు, శుభ్రమైన నీరు కావాలి. 2022 జనవరి నాటికి శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చచ్చిపడ్డాయి. చేపల చెరువులనుంచి వచ్చిన పురుగుల వ్యాధి కారణమని పరీక్షించినవాళ్ళు అనుమానించారు. వీరాపురం పక్షులు ఏ చెరువులో మేస్తున్నాయో, ఆ నీళ్ళలో ఏం కలుస్తోందో చూసే దిక్కు ఏటేటా వుండాలి.

చూడకపోతే ఏమవుతుందో రాయలసీమ ఇప్పటికే చూసింది. కర్నూలు జిల్లాలో (ఇప్పుడు నంద్యాల జిల్లా) రోళ్ళపాడు గడ్డిభూముల్ని బట్టమేకపిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. అభయారణ్యం బోర్డు వుంది, బట్టమేకపిట్ట మాత్రం కంటికి కరువైంది. ఇక కలివికోడి. ప్రపంచమంతా అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతంలో బయటపడింది. దాన్ని పట్టి చూపించినవాడు శాస్త్రవేత్త కాదు, ఐతన్న అనే స్థానిక వేటగాడు. అది ఆ చిట్టడవిలో వుందని ఊరివాళ్ళకు తెలుసు. చదువుకున్నవాళ్ళకే తెలియదు. మన విశ్వవిద్యాలయాలకు ఇంతకంటె పెద్ద పాఠం ఏముంటుంది?

అందుచేత విద్యార్థి సంఘం ముందు నాలుగు కోరికలు పెడుతున్నాను. ఇవేవీ లక్షలతో పని కావు.

మొదటిది, ఒక లెక్కల పుస్తకం. ఏటా మే నెల చివరివారంలో ఒకే పద్ధతిలో, చెట్టుచెట్టుకూ గూళ్ళెన్ని, పిల్లలెన్ని అని రాసిపెట్టాలి. జువాలజీ శాఖ ఆ పుస్తకాన్ని భద్రపరచాలి. ఇరవై ఏళ్ళ లెక్క చేతిలో వుంటే ఏ ఆఫీసరు ముందైనా తల ఎత్తి మాట్లాడవచ్చు.

రెండోది, ఎన్.ఎస్.ఎస్. వేసవి క్యాంపు. 1969లో ఈ పథకం పుట్టిందే ఊళ్ళలో పనిచేయడానికి. కొక్కరె బెళ్ళూరులో 1994 నుంచి "హెజ్జార్లె బళగ" అనే ఊరి యువకుల బృందం గూటినుంచి పడ్డ పిల్లల్ని తీసి, సాకి, రెక్కలొచ్చాక వదిలేస్తోంది. ఆ విద్య నేర్చుకోవడానికి నలుగురిని పంపిద్దాం. వీరాపురం యువకులతో కలిసి, వాళ్ళు పెద్దలుగా, మనం సాయంగా పనిచేద్దాం.

మూడోది, చెట్లు. ఇప్పుడు గూళ్ళు మోస్తున్నవి తాతలనాటి చింతలు. అవి పడిపోయాక నాటితే లాభం లేదు. చింతచెట్టు గూడు మోసే వయసుకు రావడానికి ఒక తరం పడుతుంది. బాటనీ శాఖవాళ్ళు మొక్కలివ్వాలి, ఊరివాళ్ళు చోటు చూపాలి, మొదటి మూడు వేసవులు నీళ్ళు పోసే పూచీ మనం తీసుకోవాలి. నాటి ఫోటో దిగి వచ్చేయడం ఇకనైనా మానేద్దాం.

నాలుగోది పూర్వ విద్యార్థులకు. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో వున్న అన్నలూ అక్కలూ ఈ సంచిక చదువుతారు. ఏటా సంఘానికి విరాళం పంపేటప్పుడు అందులో కొంత వీరాపురం చెట్ల పేరిట రాయండి. సర్కారు అద్దె వచ్చేదాకా ఆ అద్దె మనం కడదాం.

చూడబోయేవాళ్ళకు కూడా రెండు మాటలు. చెట్టుకింద గుంపుగా చేరవద్దు. కాస్త దూరంనుంచి బైనాక్యులర్స్‌తో చూడండి. చప్పట్లు కొట్టి ఎగరగొట్టవద్దు. తల్లి లేచిన గూట్లో పిల్లలు ఎండకు మాడతాయి. డ్రోన్ ఇంట్లో పెట్టి రండి. తలకు టవల్ చుట్టుకోండి, ఎండకే కాదు, పైనుంచి పడే ఆశీర్వాదానికి కూడా! పోయే ముందు ఎవరి పెరట్లో నిలబడ్డారో వాళ్ళను పలకరించి, "చల్లగా వుండండి అవ్వా" అని చెప్పి రండి. మీరు చూసింది అడవి కాదు, ఒకరి ఇల్లు.

రంగనతిట్టు పోవద్దని నేననను. పోండి, పడవెక్కండి. కానీ నది కాపలా కాసే దీవికి టికెట్టు కొని పోయేవాళ్ళం, మనుషులు కాపలా కాసే దీవికి ఊరికే అయినా పోకపోవడం మన చదువుకు శోభ కాదు. నదికి అలసట లేదు. మనుషులకు వుంటుంది. చెట్టు ఆదాయం వదులుకుని, కంపు భరించి, తరాలుగా మాట నిలబెట్టుకున్న ఆ పల్లె ఒక్కతే ఎన్నాళ్ళు నిలబడుతుంది? పురుడు పోసుకుని పిల్లతో అత్తారింటికి పోయే ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు సారె పెడతారు. వీరాపురం తన వంతు ఎప్పుడో పెట్టింది. చెరువులో నీళ్ళు, ముందుకాలానికి చింతచెట్లు, ఊరికి అందవలసిన పైకం అనే ఆ సారెలో మన వంతు ఇంకా మిగిలే వుంది.